బ్యాంకులో ఉన్నదాంట్లో సంస్థది ఎంత?

ఒక స్వచ్ఛంద సంస్థ బోర్డు సమావేశం జరుగుతోందనుకుందాం. కోశాధికారి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఖాతాలో 40 లక్షలు ఉన్నాయని చెబుతారు. అందరి ప్రాణం కుదుటపడుతుంది. ఆ ధైర్యంతోనే కొత్త కార్యక్రమం ఒకటి మొదలుపెడదామని తీర్మానిస్తారు, ఇద్దరు ఉద్యోగుల్ని తీసుకుంటారు. నెల తిరక్కుండానే జీతాలకు ఇబ్బంది మొదలవుతుంది. డబ్బు ఎవరూ కాజేయలేదు, విరాళాలూ తగ్గలేదు. మరి ఏమైనట్టు?

ఆ 40 లక్షల్లో 31 లక్షలు ఒక దాత తాగునీటి పథకం కోసమే ఇచ్చినవి. 5 లక్షలు వచ్చే ఏడాది జరగాల్సిన శిక్షణకు ముందుగా అందిన గ్రాంటు. ఇంకో 2 లక్షలు ఇప్పటికే పూర్తయిన పనులకు కట్టాల్సిన బిల్లులు. సంస్థ తన అవసరాలకు స్వేచ్ఛగా వాడుకోగలిగింది మిగిలిన 2 లక్షలే. జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెల ఖర్చు 3 లక్షలు. అంటే సమావేశం జరిగిన రోజుకే ఒక్క నెల గడిచే డబ్బు కూడా సంస్థ దగ్గర లేదు. గదిలో ఉన్నవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియలేదు. "ఇందులో మనది ఎంత?" అని ఒక్కరు అడిగి ఉంటే తెలిసేది.

లాభాపేక్ష లేని సంస్థల ఆర్థిక నిర్వహణ చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. బడ్జెట్, కష్టకాలానికి దాచుకునే రిజర్వు, ఆడిట్, దాతలతో బేరసారాలు, వీటిలో దేన్ని పట్టుకుని లాగినా చివరికి అక్కడికే వస్తాం.

వ్యాపారంలో డబ్బిచ్చేవారూ సరుకు తీసుకునేవారూ ఒక్కరే. ధరలోనే ఖర్చంతా కలిసి ఉంటుంది కాబట్టి అమ్మకం పెరిగితే మామూలుగా డబ్బూ పెరుగుతుంది. సేవాసంస్థలో సేవ అందుకునేవారు ఒకరు, దానికి డబ్బిచ్చేవారు మరొకరు. పని రెండింతలు చేసినంత మాత్రాన ఆదాయం రెండింతలు కాదు. ఒక్కోసారి పనితోపాటు లోటే పెరుగుతుంది. పైగా వచ్చే డబ్బులో చాలా భాగానికి ఏదో ఒక షరతు ముడిపడి ఉంటుంది. ఇది పిల్లల చదువుకు, ఇది భవనానికి, ఇది ఫలానా తేదీలోపు ఖర్చు పెట్టాలి అని.

"లాభాపేక్ష లేని" అన్న మాటను తప్పుగా అర్థం చేసుకుని నష్టపోయిన సంస్థలు కూడా తక్కువేమీ కాదు. ఏడాది చివర మిగులు కనిపిస్తే తప్పు చేసినట్టు కంగారుపడి, మార్చి నెలలోనో డిసెంబరులోనో ఉన్నదంతా ఊడ్చి ఖర్చుపెట్టేస్తారు. ఆ మాటకు అర్థం, మిగిలినదాన్ని సభ్యులో ట్రస్టీలో పంచుకోకూడదని. మిగులే ఉండకూడదని ఎక్కడా లేదు. మిగులు లేని సంస్థకు వచ్చే ఏడాది గ్రాంటు రెండు నెలలు ఆలస్యమైతే ఆధారం ఏముంటుంది?

షరతులున్న డబ్బు, షరతుల్లేని డబ్బు

ఈ రెండింటినీ విడదీసి చూపించడం ఎంత అవసరమో అకౌంటింగ్ ప్రమాణాలు రాసేవాళ్ళకు బాగా తెలుసు. అమెరికాలోని ఆర్థిక అకౌంటింగ్ ప్రమాణాల బోర్డు 2016లో లాభాపేక్ష లేని సంస్థల లెక్కల పద్ధతిని మార్చింది. అంతకుముందు సంస్థ నికర ఆస్తుల్ని, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదాన్ని, మూడు రకాలుగా చూపించేవారు: షరతుల్లేనివి, తాత్కాలిక షరతులున్నవి, శాశ్వత షరతులున్నవి. కొత్త పద్ధతిలో అవి రెండే: దాత షరతులున్నవి, లేనివి. దాంతోపాటు ఇంకో నిబంధన చేర్చారు. ఏడాదిలోపు మామూలు ఖర్చులకు వాడుకోగలిగిన డబ్బు నిజంగా ఎంత ఉందో నివేదికలో చెప్పాలి. మొత్తం ఆస్తుల అంకె చూసి చదివేవాళ్ళు మోసపోకూడదన్నదే దాని ఉద్దేశం. ఏ దేశంలో పనిచేసే సంస్థ అయినా, చట్టం అడిగినా అడగకపోయినా, తనకోసం తాను ఈ లెక్క వేసుకోవచ్చు.

లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఒక్కో గ్రాంటుకూ ఒక్కో కోడ్ పెట్టి, ప్రతి రసీదు మీదా ప్రతి వోచర్ మీదా ఆ కోడ్ వేస్తే చాలు. ఖాతా ఒకటే ఉన్నా ఏ దాత డబ్బు ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. కష్టమల్లా నెలాఖరున వచ్చే ఒత్తిడిని తట్టుకోవడమే. జీతాలివ్వాలి, షరతుల్లేని డబ్బు అయిపోయింది, పక్కనే ప్రాజెక్టు నిధి కదలకుండా ఉంది. "ఈ నెలకు దీంట్లోంచి వాడదాం, ఆ గ్రాంటు రాగానే సర్దేద్దాం" అంటారు ఎవరో. సేవాసంస్థల్లో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. అనేవాళ్ళకు దురుద్దేశం ఏమీ ఉండదు, ఉద్యోగుల ఇళ్ళలో పొయ్యి వెలగాలన్నదే వాళ్ళ తపన. కానీ రావాల్సిన గ్రాంటు వచ్చేసరికి దానికీ ఒక షరతు ఉంటుంది. మొదటి గుంటను పూడ్చడానికి రెండో నిధిలో గుంట తవ్వుతారు. ఏడాది గడిచేసరికి ఏ దాత డబ్బు ఎక్కడ ఖర్చయిందో అకౌంటెంట్ కూడా తేల్చలేడు. చివరి దాత తన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం అడిగినప్పుడు గానీ లోటు ఎంతో బయటపడదు. అప్పటికి తాగునీటి పథకం సగంలో ఆగి ఉంటుంది.

నిజంగా అలా వాడక తప్పని పరిస్థితి వస్తే చేయాల్సిన పని ఒకటే, ముందుగా దాతను అడగాలి. పరిస్థితి వివరించి, రాతపూర్వకంగా అనుమతి కోరితే షరతు సడలించే దాతలు చాలామందే ఉంటారు. వాడేశాక చెబితే అదే పని ఒప్పందాన్ని మీరడం అవుతుంది.

భవనాల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. కోటి విలువైన సొంత భవనం ఉన్న సంస్థ పుస్తకాల్లో సంపన్నంగా కనిపిస్తుంది. ఇటుకలు అమ్మి జీతాలివ్వలేం కదా. ఇక అమెరికా ప్రమాణాల్లో మరో చిక్కు ఉంది. షరతులు నెరవేర్చాకే డబ్బు అనే మెలిక లేకుండా మూడేళ్ళ గ్రాంటుకు దాత మాట ఇస్తే, దాదాపు మొత్తమంతా మొదటి ఏడాది ఆదాయంగానే రాయాలి. దాంతో మొదటి ఏడాది భారీ మిగులు, తరువాతి రెండేళ్ళు నష్టం కనిపిస్తాయి. ఆ రెండూ సంస్థ అసలు పరిస్థితిని చెప్పవు. అందుకే బోర్డు సభ్యులు మొత్తం అంకెను వదిలేసి, షరతుల్లేని వరుసను చూడటం అలవాటు చేసుకోవాలి.

గెలిచిన గ్రాంటే ముంచే వేళ

చాలా ప్రభుత్వ ఒప్పందాల్లో ముందు ఖర్చు పెట్టాలి, తరువాత బిల్లు పెట్టి తీసుకోవాలి. జనవరిలో పని మొదలవుతుంది. మార్చి చివరికి మూడు నెలల ఖర్చు అవుతుంది. ఏప్రిల్లో నివేదిక పంపుతారు. పరిశీలించి, సందేహాలు అడిగి, డబ్బు వేసేసరికి జూన్. ఈలోగా రెండో త్రైమాసికం ఖర్చు కూడా చేతి నుంచే పెట్టాలి. నెలకు 4 లక్షల పని అయితే, మొదటి పైసా చేతికొచ్చేలోగా 20 లక్షలకు పైగా ఎక్కడినుంచో తేవాలి. అంత పెద్ద ఒప్పందం వచ్చిందని పండగ చేసుకున్న చిన్న సంస్థ అదే ఒప్పందం వల్ల ఊపిరాడక పోవచ్చు.

దీనికి మందు నగదు అంచనా పట్టిక. ఏ నెల ఎంత వస్తుంది, ఏ నెల ఎంత పోతుంది, నెలాఖరున ఎంత మిగులుతుంది అని కనీసం పన్నెండు నెలలకు రాసుకోవాలి. బడ్జెట్ ఏడాది మొత్తానికి సరిపోతుందని మాత్రమే చెబుతుంది, ఆగస్టులో చేతిలో డబ్బుంటుందా లేదా అన్నది చెప్పదు. ఈ పట్టిక నింపేటప్పుడు ఒక నియమం పాటిస్తే మంచిది. వచ్చే డబ్బును దాత చెప్పిన తేదీకి కాకుండా, గతంలో నిజంగా ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి రాయాలి. గడ్డు నెల నాలుగు నెలల ముందే కనిపిస్తే దాతను అడ్వాన్సు అడగవచ్చు, ఒక నియామకాన్ని వాయిదా వేయవచ్చు, బ్యాంకుతో మాట్లాడవచ్చు. నాలుగు రోజుల ముందు కనిపిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి 1889లో స్థాపించిన హల్ హౌస్ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సామాజిక సేవారంగానికే తల్లిలాంటి సంస్థ అది. ఆ పేరుతో సేవలు కొనసాగించిన సంఘం 2012 జనవరిలో మూతపడింది. అప్పటికి దాని ఆదాయంలో అత్యధిక భాగం ప్రభుత్వ నిధులే. 2008 మాంద్యం తరువాత సాయం కోరి వచ్చేవాళ్ళు పెరిగారు, ఆదాయం తగ్గింది. ఎంత పాత పేరైనా, ఎంత గౌరవమైనా నగదుకు బదులుగా పనికిరాలేదు.

ఓవర్‌హెడ్ అనే చిక్కుముడి

షరతుల్లేని డబ్బు ఎప్పుడూ తక్కువే ఎందుకుంటుంది అన్న ప్రశ్నకు జవాబు సగం సంస్థల దగ్గర, సగం దాతల దగ్గర ఉంది. దాతలు కార్యక్రమానికి డబ్బిస్తారు, "ఆఫీసు ఖర్చుకు" ఇవ్వరు. అకౌంటెంట్ జీతం, ఆడిట్ ఫీజు, కంప్యూటర్లు, సిబ్బంది శిక్షణ, వీటన్నిటినీ కలిపి ఓవర్‌హెడ్ అని పేరుపెట్టి, అది ఎంత తక్కువుంటే సంస్థ అంత మంచిదని కొలుస్తారు. సంస్థలు కూడా పోటీలో వెనకబడతామన్న భయంతో ఆ అంకెను తగ్గించి చూపిస్తాయి. దాత దాన్ని నిజమని నమ్మి వచ్చేసారి ఇంకొంచెం తగ్గించమంటారు. ఆన్ గోగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ అనే ఇద్దరు 2009లో ఈ విషవలయాన్ని వివరిస్తూ రాసిన వ్యాసం దాతృత్వ రంగంలో బాగా చర్చకొచ్చింది. తమను తాము పస్తు పెట్టుకునే వలయం అన్నారు వాళ్ళు దాన్ని. 2013లో అమెరికాలో సేవాసంస్థల సమాచారం ఇచ్చే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి. ఓవర్‌హెడ్ శాతం ఒక్కటే చూసి సంస్థ విలువ కట్టవద్దని ఆ లేఖ సారాంశం. అంతవరకూ ఆ కొలతను వ్యాప్తి చేసినవాటిలో ఇలాంటి సంస్థలకూ భాగం ఉంది కాబట్టి ఆ మాటకు బరువు వచ్చింది.

అసలు ఖర్చు ఎంతుంటుంది? బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ 20 సేవాసంస్థల లెక్కలు పరిశీలించి 2016లో ప్రకటించిన వివరాల ప్రకారం, నేరుగా కార్యక్రమానికి అయ్యే ప్రతి 100కు పరోక్ష ఖర్చు, అంటే ఈ ఓవర్‌హెడ్ లాంటి ఖర్చు, 21 నుంచి 89 వరకు ఉంది. దాతలు మాత్రం ఎక్కువగా 10, 15 దగ్గరే ఆగిపోతారు. ప్రభుత్వంతో విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలకు అమెరికా కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లలో ఇచ్చే పరోక్ష ఖర్చు శాతం చాలా ఏళ్ళు 10 దగ్గరే ఉండి, 2024 అక్టోబరు నుంచి 15 అయింది. పెరగడం మంచిదే, అయినా నిజానికి ఇంకా దూరమే.

చిన్న లెక్క ఒకటి చూద్దాం. ఒక శిక్షణ కార్యక్రమానికి శిక్షకుల పారితోషికం, సామగ్రి, ప్రయాణాలు కలిపి 100 అయ్యాయనుకుందాం. ఆ కార్యక్రమం బిల్లులు రాయడానికి అకౌంటెంట్ వెచ్చించిన రోజులు, డైరెక్టర్ సమయం, ఆఫీసు అద్దెలో వాటా, ఆడిట్‌లో వాటా లెక్కేస్తే ఇంకో 28. పూర్తి ఖర్చు 128. దాత ఇచ్చింది 110. ఈ కార్యక్రమం ఎంత బాగా జరిగినా 18 లోటు. ఇలాంటివి ఐదు నడిపితే 90 లోటు. ఆ 90ని షరతుల్లేని విరాళాలు మోస్తున్నాయి, కానీ ఎక్కడా పేరు కనిపించదు కాబట్టి "విరాళాలన్నీ ఏమైపోతున్నాయో తెలియడం లేదు" అనుకుంటూ ఉంటారు. పూర్తి ఖర్చు తెలిసిన సంస్థ దాత దగ్గర కూర్చుని 128 అడగగలదు. దాత ఒప్పుకోకపోతే, ఆ 18 ఎక్కడినుంచి తేవాలో తెలిసి ఒప్పుకోవచ్చు, లేదా దండం పెట్టి వద్దనవచ్చు. ఇచ్చే డబ్బును వద్దనడం సేవాసంస్థలో ఎవరికీ మనసొప్పని పని. అయినా కొన్ని గ్రాంట్లను వద్దనలేకపోవడమే కొన్ని సంస్థల్ని తినేసింది.

వాటాలు ఎలా పంచాలన్న దగ్గర చాలా తర్జనభర్జన జరుగుతుంది. సిబ్బంది ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించారో రాసిపెట్టే టైమ్‌షీట్, ఆఫీసులో ఎవరు ఎంత జాగా వాడుతున్నారన్న కొలత, ఏదైనా సరే. ఒక పద్ధతి రాసిపెట్టుకుని దాతలందరికీ అదే వర్తింపజేయాలి. ఒకే అద్దెను ఇద్దరు దాతల దగ్గర పూర్తిగా వసూలు చేస్తే అది తప్పుడు లెక్కే. దాన్ని ఎవరూ సర్దుబాటు అని పిలవకూడదు.

రిజర్వు

మూడు నుంచి ఆరు నెలల ఖర్చు రిజర్వుగా ఉండాలని సాధారణంగా చెబుతారు. అందరికీ ఒకే కొలత వర్తించదు. వందల మంది చిన్న దాతలు నెలనెలా ఇచ్చే సంస్థకు రెండు నెలలు చాలవచ్చు. ఒకే పెద్ద దాత మీద నడిచే సంస్థకు ఆరు నెలలూ తక్కువే. లెక్కించేటప్పుడు షరతులున్న నిధుల్నీ, భవనాల్నీ, వాహనాల్నీ తీసేసి మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించాలి. మొదటిసారి ఇలా చూసుకున్న చాలా సంస్థలకు జవాబు ఒక నెల లోపే వస్తుంది, కొన్నింటికి మైనస్‌లో వస్తుంది. నిరుత్సాహపడనక్కర్లేదు. ఏడాదికి 60 లక్షల ఖర్చున్న సంస్థకు మూడు నెలల రిజర్వంటే 15 లక్షలు. బడ్జెట్ వేసేటప్పుడే ఖర్చులో 5 శాతం మిగులు పెట్టుకుంటే ఏడాదికి 3 లక్షలు, ఐదేళ్ళలో లక్ష్యం చేరుతుంది. రిజర్వు ఎందుకుంది, ఎవరి అనుమతితో తీయాలి, తీశాక ఎన్నాళ్ళలో నింపాలి అన్నది ఒక పేజీలో రాసుకుని బోర్డు ఆమోదించాలి. ఇంత దాచుకున్నవాళ్ళకు మళ్ళీ ఎందుకివ్వాలి అని ఏ దాత అయినా అడిగితే ఆ పేజీయే చూపించవచ్చు.

లండన్‌లో 1996లో మొదలైన కిడ్స్ కంపెనీ అనే పిల్లల సంస్థ ఏళ్ళ తరబడి 4 కోట్ల పౌండ్లకు పైగా ప్రభుత్వ నిధులు అందుకుంది. 2015 ఆగస్టులో, ప్రభుత్వం 30 లక్షల పౌండ్ల చివరి గ్రాంటు ఇచ్చిన కొద్దిరోజులకే మూతపడింది. ఆ సమయంలో వచ్చిన కొన్ని ఆరోపణలతో విరాళాలు ఆగిపోయాయి. పోలీసులు దర్యాప్తు చేసి నేరానికి ఆధారాలు లేవన్నారు. ట్రస్టీల మీద వేటు వేయాలన్న కేసును 2021లో హైకోర్టు కొట్టేసింది. 2022లో అక్కడి సేవాసంస్థల్ని పర్యవేక్షించే చారిటీ కమిషన్ తన విచారణ నివేదికలో ట్రస్టీల నిజాయితీని శంకించలేదు. కానీ ఉద్యోగులకూ పన్ను శాఖకూ సకాలంలో చెల్లించకపోవడాన్ని నిర్వహణా లోపంగా తేల్చింది, రిజర్వులు తక్కువ పెట్టుకుని నడిచిన తీరులోని ప్రమాదాన్నీ ఎత్తిచూపింది. నిజాయితీపరులు నడిపిన సంస్థ కూడా చేతిలో నాలుగు నెలల డబ్బు లేకపోతే ఒక్క పుకారుకు కూలిపోగలదు.

నమ్మకం, తాళం

చందా వసూలు చేసేదీ, రసీదు రాసేదీ, బ్యాంకులో వేసేదీ, పుస్తకం రాసేదీ ఒకే మనిషి అయితే ఆ మనిషి ఎంత మంచివాడైనా ఏర్పాటు మంచిది కాదు. ఏనాడైనా లెక్క తేడా వస్తే, తాను నిర్దోషినని చూపించుకోవడానికి అతని దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఇద్దరే ఉద్యోగులున్న సంస్థలో పనులు విడదీయడం ఎలా? ఒక మార్గం ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను పుస్తకాలు రాయని ఒక బోర్డు సభ్యుడు నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకుని, నెలకోసారి అరగంట కూర్చుని క్యాష్‌బుక్‌తో సరిచూడాలి. తెలియని పేరు కనిపిస్తే అడగాలి. చెల్లింపులకు ఇద్దరి సంతకాలుండాలి, ఖాళీ చెక్కుల మీద ముందుగా సంతకాలు పెట్టి ఇవ్వకూడదు. ఆడిట్ ఉంది కదా అనుకోవడం పొరపాటు. ఆడిటర్ చూసేది గడిచిన ఏడాది లెక్కల్ని, అదీ నమూనాగా కొన్నింటిని. ప్రతి మోసాన్నీ పట్టుకుంటానని ఏ ఆడిటరూ మాట ఇవ్వరు.

బోర్డుకు ఇచ్చే నివేదిక గురించి ఒక్క మాట. ఇరవై పేజీల లెడ్జర్ పంచితే ఎవరూ చదవరు, చదవలేదని ఒప్పుకోవడానికీ మొహమాటపడతారు. ఒక పేజీ చాలు. షరతుల్లేని డబ్బు ఎంత, అది ఎన్ని నెలలకు వస్తుంది, రాబోయే ఆరు నెలల్లో గడ్డు నెల ఏది, బడ్జెట్‌కూ వాస్తవానికీ పెద్ద తేడా ఎక్కడ వచ్చింది, ఎందుకు. కోశాధికారి చూసుకుంటాడులే అని మిగతావాళ్ళు ఊరుకోవడానికి లేదు. చాలా దేశాల చట్టాల్లో బాధ్యత బోర్డు మొత్తానిది.

సంస్థను మూసేయాల్సి వచ్చినా దానికీ డబ్బు కావాలి. ఈ మాట ఎవరూ ఎత్తరు, రిజర్వు లెక్కలో కూడా చేర్చరు. సిబ్బందికి ఇవ్వాల్సిన బకాయిలు, నోటీసు కాలపు జీతాలు, దాతలకు తిరిగివ్వాల్సిన మిగులు నిధులు, చివరి ఆడిట్, రికార్డులు భద్రపరిచే ఖర్చు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, సేవ అందుకుంటున్నవాళ్ళను ఇంకో సంస్థకు జాగ్రత్తగా అప్పగించడానికి కొన్ని వారాల వ్యవధి కావాలి. ఆ వారాల ఖర్చు చేతిలో ఉండగానే నిర్ణయం తీసుకున్న బోర్డు, పిల్లలకు కొత్త టీచర్ను పరిచయం చేసి, రోగుల ఫైళ్ళు కొత్త డాక్టరు చేతిలో పెట్టి తలుపు మూస్తుంది. ఆ డబ్బు కూడా అయిపోయేదాకా ఆగిన చోట సోమవారం ఉదయం వచ్చినవాళ్ళకు తాళం కనిపిస్తుంది.